కెమెరా సంచి ఎవరు మోయాలి?

మా గరాజులో కెమెరా సంచులు ఐదున్నాయి. కెమెరాలు మాత్రం రెండే. ఈ లెక్క మా ఆవిడ ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్తుంది. "నా చీరల గురించి మాట్లాడతారు గానీ..." అని మొదలుపెట్టిందంటే, కాఫీ కలుపుతానన్న నెపంతో నేను మెల్లగా వంటింట్లోకి జారుకుంటాను. ఆవిడ తప్పేమీ లేదు. కొన్న ప్రతిసారీ "ఇదే ఆఖరిది, దీంతో గొడవ వదిలిపోతుంది" అని ఒట్టు పెట్టుకున్నవాణ్ణి నేనే మరి.

ఈ పేరు ప్రఖ్యాతులు సముద్రాలు దాటినట్టున్నాయి. హైదరాబాదులో ఉంటున్న మా మేనల్లుడు మొన్న ఫోన్ చేశాడు. ఉద్యోగంలో చేరిన ఏడాదికి మొదటి మంచి కెమెరా కొన్నాడు. స్నేహితులతో కలిసి హిమాచల్‌లో హంప్తా కనుమ ఎక్కడానికి వెళ్తున్నాడట. కులూ వైపు నుంచి ఎక్కి లాహౌల్ వైపు దిగడం. "మావయ్యా, ఏ బ్యాగు కొనమంటావు?" అన్నాడు.

ఈ ప్రశ్న కోసం పదిహేనేళ్ళుగా కాచుక్కూర్చున్నవాణ్ణి! గొంతు సవరించుకుని, ఏమేం తీసుకెళ్తున్నావురా అన్నాను. చదివాడు జాబితా. బాడీలు రెండు, లెన్సులు నాలుగు, ట్రైపాడు, ఫిల్టర్లు, డ్రోను... నేను అడ్డుపడేలోపు వాడే అన్నాడు. "బరువు గురించి బెంగలేదులే మావయ్యా. అక్కడ పోర్టర్లుంటారుగా. పెద్దదే చెప్పు."

ఆ మాట దగ్గర నా నోట మాట రాలేదు. రెండ్రోజుల్లో చెప్తాలే అని పెట్టేశాను. వాడు అడిగింది సంచి గురించే. కానీ ఆ ఆఖరి మాటకి జవాబు చెప్పాలంటే మాత్రం నూట అరవై ఏళ్ళు వెనక్కి, అదీ వాడు వెళ్తున్న ఆ కొండల్లోకే వెళ్ళాలి. ఆ చరిత్ర చివర్లో ఎక్కడో నేనూ ఉన్నాను. అదేమంత గర్వపడే సంగతి కాదు.

* * *

మొదట మా ఊరి సంగతి ఒకటి చెప్పుకోవాలి. నా చిన్నప్పుడు పెళ్ళికి ఫోటోగ్రాఫర్ వచ్చాడంటే వెనకాల ఓ కుర్రాడు తప్పకుండా ఉండేవాడు. నల్ల రెక్సిన్ సంచి భుజానికి, కరెంటు తీగ చుట్ట మెడలో, లైటు చేతిలో. మాంగల్యధారణ వేళకి ఆ లైటు చేతులు పైకెత్తి పట్టుకునేవాడు, మోచేతులు వణికేదాకా. "కొంచెం ఎడమకి జరుపరా" అనే మాట తప్ప వాడితో ఎవరూ ఏమీ మాట్లాడేవారు కాదు. అందరూ తిన్నాక ఆఖరి బంతిలో తినేవాడు. మా ఇంట్లో ఉన్న పెళ్ళి ఆల్బములన్నీ తిరగేసి చూశాను. వాడు ఒక్క ఫోటోలోనూ లేడు. వెలుగంతా వాడిదే, వాడు మాత్రం లేడు.

ఫోటోగ్రఫీ చరిత్ర పుస్తకాలు చదువుతున్నప్పుడు ఈ కుర్రాడు నాకు పదే పదే గుర్తొస్తాడు. ఎందుకంటే ఆ చరిత్రలో సగం, బరువు చరిత్ర. ఎవరెంత మోశారన్న చరిత్ర.

అసలా బరువెందుకో ముందు చూద్దాం. 1851లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ అనే ఇంగ్లీషాయన తడి పలక పద్ధతి బయటపెట్టాడు. గాజు పలక మీద కొలోడియన్ అనే జిగురు ద్రవం పరచాలి. దాన్ని సిల్వర్ నైట్రేట్ తొట్టిలో ముంచాలి. తడి ఆరకుండానే కెమెరాలో పెట్టి ఫోటో తియ్యాలి, వెంటనే చీకట్లో కడగాలి. అన్నీ కలిపి పది పదిహేను నిమిషాల్లో అయిపోవాలి. పలక ఆరిందా, ఫోటో పోయినట్టే. అంటే ఏమైంది? కొండ మీద ఫోటో తియ్యాలంటే చీకటిగదిని కూడా కొండ మీదకి మోసుకెళ్ళాలి. గుడారం, రసాయనాల సీసాలు, తొట్టెలు, నీళ్ళు, వీటన్నిటికీ తోడు గాజు పలకలు. పైగా అప్పట్లో ఫోటోని పెద్దది చెయ్యడం సులువు కాదు. ఎంత పెద్ద ఫోటో కావాలో అంత పెద్ద పలక, దానికి తగ్గ కెమెరా ఉండాల్సిందే.

1861లో కార్ల్‌టన్ వాట్కిన్స్ కాలిఫోర్నియాలోని యోసెమిటీ లోయకి వెళ్ళాడు. నేనుండే చోటికి కారులో నాలుగ్గంటల దూరం. ఆయన కెమెరాలో పట్టే పలక 18×22 అంగుళాలు. మా ఇంట్లో టీవీ కన్నా చిన్నదే అనుకోండి, కానీ అది గాజు. సామానంతా కలిపి దాదాపు 2,000 పౌన్లని, అంటే 900 కిలోలని, డజను కంచరగాడిదల మీద వేసుకుపోయాడని చెప్తారు. 30 పెద్ద ఫోటోలు, 100 స్టీరియో చిత్రాలతో తిరిగొచ్చాడు. ఆ ఫోటోలు తూర్పు తీరానికి చేరాయి. యోసెమిటీని ఎన్నడూ చూడనివాళ్ళు ఆ ఫోటోల్లో చూశారు. 1864 జూన్ 30న లింకన్ ఆ లోయని కాపాడే చట్టం మీద సంతకం పెట్టాడు. ఆ చట్టం వెనక ఈ ఫోటోల చలవ కూడా ఉందని చరిత్రకారుల మాట. యుద్ధం నడుస్తుండగా!

పదేళ్ళ తర్వాత, 1871లో, విలియం హెన్రీ జాక్సన్ ప్రభుత్వ సర్వే బృందంతో యెల్లోస్టోన్ వెళ్ళాడు. ఈయన కంచరగాడిద పేరు హైపో. ఫోటోలు కడిగే రసాయనం పేరే దానికీ పెట్టాడన్నమాట. (మనవాళ్ళెవరైనా అయితే సీసాల గౌరి అని పెట్టేవాళ్ళేమో.) మరుసటి ఏడాది మార్చి 1న యెల్లోస్టోన్ నేషనల్ పార్కు అయింది. ఆయనకి ఎదురుదెబ్బలూ తగిలాయి. 1873లో కొలరాడో కొండల్లో ఓ కంచరగాడిద మీది మోపు జారి పడింది. ఎన్నో వారాల కష్టం, గాజు పలకలు, ముక్కలైపోయాయి. తిరిగి వెళ్ళి వాటిలో కొన్ని మళ్ళీ తీశాడు. అదే ఏడాది హోలీ క్రాస్ శిఖరాన్ని తియ్యడానికి గాడిదలు ఎక్కలేని చోట ఆయనా, సహాయకులూ సామాన్లు వీపున వేసుకుని ఎక్కారు.

ఈ ఇద్దరి కథా చదివితే ఉత్సాహంగా ఉంటుంది. జంతువులు మోశాయి, అవి మొయ్యలేనిచోట మనుషులు తమ సామాను తామే మోసుకున్నారు. ఇప్పుడు మా మేనల్లుడు వెళ్ళే కొండల్లోకి వద్దాం. అక్కడి కథ వేరు.

* * *

శామ్యూల్ బోర్న్ ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో బ్యాంకు గుమాస్తా. ఉద్యోగం వదిలేసి 1863లో ఇండియా వచ్చాడు. ఆయన భాగస్వామిగా నడిపిన బోర్న్ అండ్ షెపర్డ్ స్టూడియో కలకత్తాలో 2016 దాకా ఉంది. సిమ్లా నుంచి మూడుసార్లు హిమాలయాల్లోకి యాత్రలు చేశాడు. మొదటిది 1863లో, సట్లెజ్ లోయ వెంబడి, సుమారు 30 మంది కూలీలతో. రెండోది 1864లో కాశ్మీరుకి, 42 మందితో. 1866లో చేసిన మూడోదానికి ఇంకా ఎక్కువమంది. కులూ, స్పితి దాటి మనీరంగ్ కనుమ మీదికి, 18,600 అడుగుల ఎత్తుకి ఎక్కి, అక్కడ కెమెరా నిలబెట్టి ఫోటోలు తీశాడు. అంత ఎత్తులో తడి పలక పరిచి ఫోటో తియ్యడమంటే మాటలు కాదు. దాదాపు ఇరవయ్యేళ్ళపాటు అంతకన్నా ఎత్తులో ఎవరూ ఫోటో తియ్యలేదు. ఆ ఫోటోలు ఈనాటికీ చూస్తే కళ్ళు తిప్పుకోలేం. మంచు మీద గీతలు, దేవదారు కొమ్మల ఆకులు, అన్నీ సూదిమొనలా కనిపిస్తాయి.

ఆయన ఈ యాత్రల గురించి లండన్ ఫోటోగ్రఫీ పత్రికలో వరసగా వ్యాసాలు రాశాడు. చక్కటి రచయిత. ఎండ, గాలి, మంచు, రసాయనాల చికాకులు అన్నీ రాశాడు. కూలీల గురించీ రాశాడు. మోపులు దారిలో వదిలేసి పారిపోయారనీ, ఊళ్ళో దాక్కుంటే వెతికి పట్టుకున్నాననీ, కర్రకి పని చెప్పాననీ. ఇందులో దాచుకోవలసిందేదో ఉందని ఆయనకి తట్టనే లేదు. వాతావరణం గురించి రాసినట్టే రాశాడు.

వాళ్ళు ఎందుకు పారిపోయారో మనకి తెలియడానికి పెద్ద పరిశోధనేమీ అక్కర్లేదు. ఆ కొండల్లో బేగార్ అని ఉండేది. దొరగారు వస్తున్నారంటే దారిలో ఉన్న ప్రతి ఊరూ ఇంతమందిని సామాన్లు మొయ్యడానికి పంపాలి. పంట కోతలో ఉన్నా, ఇంట్లో జబ్బున్నా సరే. డబ్బిస్తే ఇచ్చినట్టు, లేకపోతే లేదు. తెలంగాణ పల్లెల్లో పెరిగినవాళ్ళకి ఇది విడమరచి చెప్పాలా? దీన్నే మనం వెట్టి అన్నాం. పక్కనున్న కుమావూఁ కొండల్లో 1921 జనవరిలో, సంక్రాంతి నాడు, బాగేశ్వర్ తిరునాళ్ళలో వేలమంది చేరి, ఇకమీదట మోయమని ప్రమాణం చేసి, ఎవరి వంతు ఎప్పుడో రాసిపెట్టిన రిజిస్టర్లు తెచ్చి సరయూ నదిలో పడేశారు. బద్రీదత్ పాండే వంటివాళ్ళు ముందుండి నడిపించారు. అక్కడితో ఆ వెట్టికి చెల్లుచీటీ అయింది.

బోర్న్ ఫోటోల్లో ఒక్కోచోట ఆ కూలీలు కనిపిస్తారు. కొండ ఎంత పెద్దదో తెలియడానికి కొలబద్దలా. పేర్లు మాత్రం ఎక్కడా ఉండవు. ఫోటో కింద బోర్న్ పేరూ, పలక నంబరూ ఉంటాయి. పలకకైనా నంబరుంది.

నేను బోర్న్‌ని తిట్టడానికి ఇదంతా రాయడం లేదు. ఆయన కాలం అది అని సర్ది చెప్పడానికీ కాదు. అంత బరువు లేకపోతే ఆ ఫోటోలు లేవు, అంతమంది లేకపోతే ఆ బరువు కదలదు. ఈ రెండూ నిజాలే. ఆ ఫోటోలు చూసినప్పుడల్లా రెండూ కలిపే చూడాలని మాత్రమే నా మాట.

* * *

బరువు తగ్గడానికి దారి 1871లోనే పడింది. రిచర్డ్ లీచ్ మాడాక్స్ అనే వైద్యుడు జెలటిన్ పూసిన పొడి పలక గురించి రాశాడు. మరో పదేళ్ళలో అవి బజార్లో దొరకసాగాయి. చీకటి గుడారం మొయ్యాల్సిన పని పోయింది. పలక ఇంటికి తెచ్చి తీరిగ్గా కడుక్కోవచ్చు. ఆ తర్వాత ఈస్ట్‌మన్ 1888లో చుట్ట ఫిల్ముతో కొడాక్ తెచ్చాడు. 1925లో లైకా వచ్చి కోటు జేబులో దూరింది.

కెమెరా సంచి అన్న మాటకి అసలు అర్థం వచ్చింది కూడా ఈ మధ్యకాలంలోనే. ఇటలీ వాడు విత్తోరియో సెల్లా కథ చూడండి. ఆల్ప్స్, కాకసస్, కాంచనగంగ చుట్టూ (1899), కె-2 (1909), అన్నిచోట్లకీ వెళ్ళాడు. పొడి పలకలే అయినా మొదట్లో ఒక్కోటి 30×40 సెంటీమీటర్లు. ఆ గాజు పగలకుండా ఉండాలని జంతువుల మీద వేసే జీనుల్నీ, మనుషులు తగిలించుకునే సంచుల్నీ తనే మార్చి కుట్టించుకున్నాడు. కొండకి పనికొచ్చే కెమెరా సంచి గురించి అంత పట్టింపుగా ఆలోచించిన మొదటివాళ్ళలో ఆయనొకడు. మా ఆవిడకి ఈయన ఫోటో చూపించి "చూడు, నేనొక్కణ్ణే కాదు" అన్నాను. "ఆయన కె-2 ఎక్కాడుగా మరి?" అంది.

ఇక ఏన్సెల్ ఆడమ్స్. 1927 ఏప్రిల్ 10. ఆయనకి అప్పుడు 25 ఏళ్ళు. మళ్ళీ యోసెమిటీలోనే. వాట్కిన్స్ వచ్చిన 66 ఏళ్ళకి. కాబోయే భార్య వర్జీనియా, మరికొందరు స్నేహితులతో కలిసి మంచులో హాఫ్ డోమ్ పక్కనున్న బండ అంచుకి ఎక్కాడు. వీపు మీద 40 పౌన్ల పైచిలుకు, అంటే 18 కిలోలు. 6½×8½ అంగుళాల కెమెరా, ట్రైపాడు, 12 గాజు పలకలు. దారిలోనే చాలావరకు పలకలు వాడేసుకున్నాడు. ఎదురుగా ఆ కొండ ముఖం నిలబడేసరికి మిగిలినవి రెండు. ఒకటి పసుపు ఫిల్టరుతో తీశాడు. ఆకాశం తను అనుకున్నంత నల్లగా రాదని తోచి రెండోది ఎర్ర ఫిల్టరుతో తీశాడు. ఆ రెండోదే ఆయనకి పేరు తెచ్చిన మోనోలిత్.

ఈ కథని ఫిల్టర్ల పాఠంగా అందరూ చెప్తారు. నాకు మాత్రం ఇది సంచి పాఠం. తన వీపు మీద 12 పలకలే పడతాయి. అందుకే ప్రతి పలకా లెక్కే. ఎవరైనా వెనకాల ఇంకో 50 పలకలు మోసుకొస్తుంటే ఆ రెండో పలక ముందు అంతసేపు ఆలోచించేవాడా? ఏమో.

* * *

సొంత వీపు మీద మోసుకోవడం మొదలయ్యాక మనిషి ఊరుకుంటాడా! సంచి బాగుపడింది. కాలిఫోర్నియాలో డిక్ కెల్టీ, ఆయన భార్య నీనా 1952లో గ్లెండేల్‌లోని తమ ఇంటి దగ్గరే అల్యూమినియం చట్రంతో సంచులు చేసి అమ్మడం మొదలుపెట్టారు. అంతకు ముందు ఓసారి సియెర్రా కొండల్లో నడుస్తూ, చెక్క చట్రం కింది కొనల్ని ప్యాంటు వెనక జేబుల్లో దోపుకుంటే భుజాల మీద భారం తగ్గి తుంటి మీదకి దిగిందట. దాన్నుంచే నడుము పట్టీ పుట్టింది. మన ఆడవాళ్ళకి ఈ రహస్యం ఎప్పట్నుంచో తెలుసు. బిందెడు నీళ్ళు చంకనెత్తుకున్నా, పిల్లాణ్ణి ఎత్తుకున్నా బరువు తుంటి మీద ఆనించే కదా నడిచేది. భుజానిది కీలు, కదలడానికి. తుంటిది ఎముక, మొయ్యడానికి.

1967లో కొలరాడోలో గ్రెగ్ లో అనే పర్వతారోహకుడు చట్రాన్ని సంచి లోపలికి తీసుకెళ్ళాడు. ఒంటికి అంటుకుని ఉంటే ఎక్కేటప్పుడు ఊగదు. ఆయన ఫోటోగ్రాఫరు కూడా. అందుకని కెమెరా చుట్టూ మెత్తటి ఫోము పెట్టి సంచులు చేశాడు. ఆయన పేరు మీదే లోప్రో కంపెనీ వచ్చింది. ఇవాళ కొట్లో కనిపించే కెమెరా బ్యాక్‌ప్యాకులన్నీ, ఏ కంపెనీవైనా సరే, ఈ ముగ్గురి పిల్లలే. సెల్లా భద్రత, కెల్టీ నడుము పట్టీ, లో చట్రం.

ఇదే వరసలో గాలెన్ రోవెల్‌నీ తలుచుకోవాలి. మంచి పర్వతారోహకుడు, 2002లో విమాన ప్రమాదంలో పోయాడు. పెద్ద కెమెరాల జోలికి పోకుండా తేలికపాటి 35 మిల్లీమీటర్ల కెమెరాతో కొండల్లో పరుగులు తీసేవాడు. 1981లో లాసాలో ఇంద్రధనుస్సు కనపడగానే, అది సరిగ్గా పొటాలా భవనం మీద దిగినట్టు కనపడే చోటు కోసం పరిగెత్తి ఆ ఫోటో తీశాడు. 20 కిలోల సంచి వీపునుంటే ఇంద్రధనుస్సు ఆగుతుందా?

* * *

ఇక నా సంగతి. చెప్పకుండా దాటేద్దామనుకున్నాను గానీ, మేనల్లుణ్ణి అడగాలంటే ముందు నేను ఒప్పుకోవాలి.

2008లో ఆఫీసు స్నేహితులం నలుగురం నేపాల్‌లో అన్నపూర్ణ బేస్ క్యాంపుకి వెళ్ళాం. 4,130 మీటర్లు. ఇద్దరికి ఒక పోర్టరు. నా కెమెరా సంచి అప్పట్లో 11 కిలోలు. అది నేనే మోసుకుంటానని మొదటిరోజు పెద్ద కబుర్లు చెప్పాను. రెండో రోజు మధ్యాహ్నం ఆ రాతి మెట్ల దగ్గర నా కబుర్లు అయిపోయాయి. మా పోర్టరు నవ్వుతూ చెయ్యి చాపాడు, నేను సంచి ఇచ్చేశాను. మా ఇద్దరి బట్టల సంచులు కట్టిన మోపు మీద దాన్ని కూడా పెట్టి తాడు బిగించుకున్నాడు. భుజాలకి పట్టీలుండవు వాళ్ళకి. నామ్లో అని, నుదుటికి పైన తల మీదుగా ఒక వెడల్పాటి పట్టీ. బరువంతా దాని మీదే వేలాడుతుంది. నడిచినంతసేపూ తల వంచుకునే ఉండాలి. అన్నపూర్ణని చూడాలన్నా ఆగి, టోక్మా అనే చిన్న ఊతకర్ర మోపు కింద నిలబెట్టుకుని చూడాలి.

మూడో రోజు తెల్లవారుజామున మచ్ఛపుచ్ఛ్రే మీద మొదటి వెలుగు పడింది. చూస్తుండగానే కొన రాగిరంగు తిరిగింది. నేను ఖాళీ చేతులతో నిలబడి ఉన్నాను. నా 11 కిలోలూ అరగంట వెనక, మెట్లెక్కుతున్నాయి.

ఆ సాయంత్రం దిగిన చోట సరుకులు తూచే వేలాడే కాటా ఒకటుంది. మాలో ఒకడు సరదాకి ఆ మోపు తగిలించాడు. 38 కిలోలు. నలుగురం ఒకళ్ళ మొహాలొకళ్ళం చూసుకున్నాం. ఎవరూ ఏమీ అనలేదు. అతను మాత్రం నవ్వాడు, "ఫర్వాలేదు సార్" అన్నాడు. అతని బరువు యాభై అయిదుకి మించదు.

తర్వాత నాకు నేను సర్దిచెప్పుకోవడానికి చాలా చదివాను. 2005లో సైన్స్ పత్రికలో వచ్చిన పరిశోధన ఒకటుంది. నామ్చే బజారు దారిలో మోపులు తూచి చూస్తే మగ పోర్టర్లు సగటున తమ ఒంటి బరువులో 93 శాతం, ఆడవాళ్ళు 66 శాతం మోస్తున్నారట. మనం మోసే పద్ధతికన్నా తక్కువ శక్తితో వాళ్ళు మొయ్యగలరని కూడా తేలింది. నాకు కాస్త ఊరట దొరికిందనుకున్నాను. కానీ మొయ్యగలరు కాబట్టి మొయ్యాలా? పెరూలో ఇంకా దారి పోర్టర్ల కోసం 2001లోనే చట్టం చేశారు, 20 కిలోలకి మించకూడదని. కిలిమంజారోలోనూ 20 కిలోల హద్దే పెట్టారు. నా మోపు దానికి దాదాపు రెట్టింపు. అక్కడ కర్ర పట్టుకున్నవాడు ఎవడూ లేడు. డబ్బిచ్చాం, టిప్పిచ్చాం, దాయ్ దాయ్ అని నోరారా పిలిచాం. బోర్న్‌కీ నాకూ చాలా తేడా ఉంది. కానీ ఉండవలసినంత ఉందా?

ఆ యాత్రలో 1,400 ఫోటోలు తీశాను. బాగున్నవాటికి కింద కుడి మూలన నా పేరు వేసుకున్నాను, అప్పట్లో అదో ముచ్చట. అతను ఉన్నది ఒకే ఒక్క ఫోటోలో. రాతి మెట్లు, రెండు పిక్కలు, వాటి పైన మోపు. మొహం కనపడదు. మోపు కొసన నా నల్ల సంచి మాత్రం స్పష్టంగా కనపడుతుంది. దాయ్ అంటే నేపాలీలో అన్న. అతని పేరు నేను అడగలేదు.

* * *

మేనల్లుడికి రెండ్రోజుల తర్వాత ఫోన్ చేసి చెప్పింది ఇదీ.

సంచి కొనేముందు కాటా కొనరా. ఒక్కరోజు నడకైతే నీ ఒంటి బరువులో పదో వంతు, రాత్రులు ఉండే యాత్రైతే ఐదో వంతు, అదీ నీళ్ళు, చలికోటు, తిండితో సహా. ఇది పాతకాపుల లెక్క. నువ్వు 65 కిలోలున్నావు. నీ వీపు మీద 13 కిలోలు. అందులో కెమెరా సామాను 4 కిలోలు దాటకూడదు. ఒక బాడీ, రెండు లెన్సులు. డ్రోను ఇంట్లో పెట్టు, అనుమతుల గొడవ కూడా తప్పుతుంది.

సంచి ఖాళీగా ఎంత బరువో చూడు. మందంగా ఫోము కుట్టిన పెద్ద సంచులు ఏమీ పెట్టకుండానే రెండు కిలోలు దాటతాయి. మామూలు ట్రెకింగు సంచిలో కెమెరా పెట్టుకునే మెత్తటి అర విడిగా పెట్టుకుంటే తేలిక, కెమెరా లేని రోజున కూడా పనికొస్తుంది.

నీ ఎత్తు కాదు, వెన్ను పొడవు కొలుచుకో. మెడ వంచితే వెనక ఉబ్బే ఎముక నుంచి తుంటి ఎముకల పై అంచు దాకా. ఆరడుగులవాడికీ వెన్ను పొట్టిగా ఉండొచ్చు. నడుము పట్టీ బొడ్డు మీద కాదు, తుంటి ఎముకల మీద కూర్చోవాలి. అది బిగించాక భుజం పట్టీలు కాస్త వదులు చేసినా సంచి జారకపోతే అది నీ సంచే.

వీపు వైపు నుంచి తెరుచుకునేది తీసుకో. బురదలో పడుకోబెట్టినా నీ ఒంటికి తగిలే వైపు పొడిగా ఉంటుంది. ఒక కెమెరా మాత్రం ఎప్పుడూ ఛాతీ మీదో, పట్టీకి తగిలించే ఉండాలి. వెలుగు నీ కోసం జిప్పు తీసేదాకా ఆగదు. వాన తొడుగు మర్చిపోకు. చలిలోంచి వెచ్చటి గదిలోకి వచ్చాక కాసేపు సంచి తెరవకు, లెన్సు మీద చెమ్మ పడుతుంది.

కొట్లో ఖాళీ సంచి తగిలించుకుని అద్దంలో చూసుకోవడం కాదు. అందులో కెమెరాకి బదులు బియ్యం పొట్లాలు పెట్టి, మీ అపార్టుమెంటు మెట్లు పది అంతస్తులు ఎక్కి దిగు. అప్పుడు నీకు నచ్చినదే నాకూ నచ్చినట్టు.

ఇక పోర్టర్ల సంగతి. పెట్టుకోవద్దనడం లేదు. అది వాళ్ళ జీవనాధారం. నువ్వు మోసుకుంటానని మొండికేస్తే వాళ్ళకి కూలి పోతుంది. గుడారాలూ వంట సామానూ వాళ్ళు మోస్తారు, న్యాయమైన కూలి ఉండాలి, మోపు తూచాలి, మంచి చెప్పులూ చలికోటూ ఉన్నాయో లేదో చూడాలి. అవన్నీ బయల్దేరేముందు అడుగు. కానీ నీ ఫోటో కోసం నువ్వు తీసుకెళ్ళే బరువు నీ వీపు మీదే ఉండాలి. దాన్ని మొయ్యలేకపోతే అది నీకు అక్కర్లేదు. ముఖ్యంగా, పేరడుగు. మొదటిరోజే అడుగు.

అవతలి వైపు కాసేపు చప్పుడు లేదు. లైను పోయిందేమో అనుకున్నాను. "అయితే మావయ్యా, గరాజులో ఉన్న ఐదింటిలో ఒకటి పంపించెయ్యకూడదా?" అన్నాడు. పక్కనుంచి మా ఆవిడ గట్టిగా, "ఐదూ పంపిస్తాం లేరా!" అంది.

నిన్న వాట్సాప్‌లో ఫోటో పంపాడు. వంటింటి గట్టు మీద మా అక్క పచ్చళ్ళకి కారం తూచుకునే కాటా, దాని మీద కెమెరా సామాను. 4.6 కిలోలు. కింద ఒక్క ముక్క రాశాడు. "ఇంకో లెన్సు తీసెయ్యాలా?"

తీసెయ్యమన్నాను.